చూసి రాసిందెవరు?

(బావ కొత్తగా యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్ కొన్నాడు. పండక్కి అత్తారింటికి తెచ్చి అందరికీ చూపిస్తున్నాడు. బామ్మర్ది శీను చిన్నప్పట్నుంచీ మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ మనిషి.)

బావ: ఇది చూడరా శీనూ, విండోని పట్టుకుని తెర అంచుదాకా లాగామా, అదే సగానికి సర్దుకుని కూర్చుంటుంది, మిగతా సగంలో ఇంకోటి పెట్టుకోవచ్చు.

శీను: నవ్వొస్తోంది బావా, ఏమీ అనుకోకు. ఇది మాకు విండోస్ 7తో 2009లోనే వచ్చింది. మీకు 2024లో సెకోయా అనే మ్యాక్ వెర్షన్‌తో వచ్చింది. పదిహేనేళ్లు! ఈలోగా మీవాళ్లలో చాలామంది ఈ ఒక్క పని కోసం డబ్బులిచ్చి వేరే యాప్ కొనుక్కున్నారు.

బావ: ఒకటి దొరికిందని ఎగరకు. అసలు విండోలంటూ జనానికి బాగా తెలిసిందే 1984 జనవరిలో మొదటి మ్యాక్, అంటే మ్యాకింతోష్ వచ్చాక. మీ విండోస్ మొదటి వెర్షన్ 1985 నవంబర్‌లో వచ్చింది, అందులో విండోలు ఒకదాని మీదికి ఇంకోటి రావు, నేల మీద పలకలు పరిచినట్టు పక్కపక్కనే ఉండాలి. 1987లో రెండో వెర్షన్‌కి గానీ ఆ ముచ్చట తీరలేదు. మరుసటేడే మైక్రోసాఫ్ట్ మా విండోల్ని కాపీ కొట్టిందని యాపిల్ కోర్టుకెళ్లింది.

శీను: వెళ్లి ఓడిపోయింది, ఆ ముక్క మింగేశావేం? మొదటి విండోస్‌కి యాపిల్ తనే లైసెన్సు రాసిచ్చుకుంది, కేసు చాలావరకు ఆ కాగితం దగ్గరే నీరుగారింది. అయినా యాపిల్‌కి మాత్రం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1979లో స్టీవ్ జాబ్స్ తన మనుషుల్ని వెంటేసుకుని జిరాక్స్ వాళ్ల పార్క్ అనే పరిశోధన ల్యాబ్‌కి వెళ్లి, విండోలున్న ఆల్టో కంప్యూటర్ చూసొచ్చాడు, అది 1973 నాటి మెషీన్. పరీక్షలో ముందు బెంచీవాడి పేపర్ చూసి రాసి, వెనకవాడు నన్ను చూసి రాస్తున్నాడు సార్ అని లేచి చెప్పినట్టుంది మీ కథ.

బావ: దొంగచాటుగా చూడలేదు, జిరాక్స్‌కి యాపిల్ షేర్లు కొనుక్కునే వీలిచ్చి మరీ చూశారు. చూసింది చూసినట్టు దించలేదు కూడా. బిల్ అట్కిన్సన్ అని యాపిల్ ఇంజనీరు ఉండేవాడు. సగం కప్పుకుపోయిన విండోలో కూడా కనిపించే ముక్క వరకు బొమ్మ సరిగ్గా గీసుకోవడం జిరాక్స్‌లో చూశాననుకుని, కిందామీదా పడి తనూ తయారు చేశాడు. తీరా చూస్తే జిరాక్స్ వాళ్ల దగ్గర అది లేనేలేదు! లేనిదాన్ని చూసి రాసినవాణ్ణి ఏమంటావురా?

శీను: అది మాత్రం బాగుంది, ఒప్పుకుంటా. కానీ పైపూత వదిలేసి లోపలికి రా. 1993లో మైక్రోసాఫ్ట్‌లో డేవ్ కట్లర్ అనే ఇంజనీరు బృందం విండోస్ ఎన్‌టీ అని లోపలి పునాదే కొత్తగా కట్టి తెచ్చింది. ఒక ప్రోగ్రాం చచ్చినా పక్కది బతికుండేలా దేని మెమరీ దానికి, దేని వంతు దానికి. మీ మ్యాక్‌లో ఒక్క ప్రోగ్రాం మొండికేస్తే మెషీన్ మొత్తం పడకేసేది, 2001 దాకా అదే బతుకు. సొంతంగా చెయ్యలేక 1996 చివర్లో జాబ్స్ బయటికెళ్లి పెట్టుకున్న నెక్స్ట్ కంపెనీని కొనుక్కుని, వాళ్ల సిస్టమ్‌తో గట్టెక్కారు.

బావ: ఎన్‌టీ ఆఫీసులకిరా. ఇళ్లల్లో మీకున్నది 95, 98, వాటితోపాటు మెషీన్ పడకేసినప్పుడల్లా వచ్చే నీలం తెర. ఇంట్లోవాళ్లకి ఎన్‌టీ దక్కింది ఎక్స్‌పీతోనే, అదీ 2001లోనే. నెక్స్ట్ పునాది మీద మా కొత్త మ్యాక్ సిస్టమ్ మార్చిలో, మీ ఎక్స్‌పీ అక్టోబర్‌లో.

శీను: సర్లే. అదే ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు వచ్చింది, అదీ లెక్కలో వేసుకో. 2018 ఫిబ్రవరిలో మీ ఐఫోన్‌కి మెసేజ్‌లో ‘జ్ఞా’ ఒక రకంగా రాసి పంపితే చాలు, యాప్ చచ్చిపోయేది, మ్యాక్‌లోనూ అదే గోల. జ్ఞానమంటే అంత భయం!

బావ: కొద్దిరోజుల్లోనే సరిచేశారు. బగ్గుల చిట్టా మొదలెడితే మీది తెల్లారినా అవ్వదు. అసలు గొప్పంటే ఏంటో చెప్పనా? 1994, 2006, 2020, మూడుసార్లు ప్రాసెసర్ల జాతే మార్చేశారు, మార్చిన ప్రతిసారీ పాత ప్రోగ్రాముల్ని కొన్నేళ్లపాటు కొత్తదాని మీద నడిపించారు.

శీను: కొన్నేళ్లే, నువ్వే అన్నావు. 2019లో 32 బిట్ అనే పాత రకం ప్రోగ్రాములన్నిటినీ ఒక్క వెర్షన్‌తో ఊడ్చేశారు. నాన్న కొట్లో బిల్లింగ్ ప్రోగ్రాం ఎక్స్‌పీ కాలం నాటిది, ఇవాళ్టికీ విండోస్ 11లో నడుస్తోంది. ముట్టుకోకుండా ఇన్నేళ్లు నడిపించడం కూడా తెలివే బావా, కాకపోతే స్టేజీ ఎక్కి చూపించడానికి ఏమీ ఉండదు.

బావ: అదే మీ రోగం. పాత సామాను అటక మీంచి దించరు. సెట్టింగులు ఒకచోట, కంట్రోల్ ప్యానెల్ ఇంకోచోట, 2012 నుంచి అటూ ఇటూ మోస్తూనే ఉన్నారు.

శీను: మోస్తున్నారుగా, పారెయ్యలేదుగా. సాయంత్రంలోగా ఈ నెల బిల్లులు ఆడిటర్‌కి పంపాలంటున్నాడు నాన్న. ఆ ప్రోగ్రాం నీ మ్యాక్‌లోకి ఎక్కించు, చూద్దాం.

బావ: ఎక్కదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ డబ్బా ఆన్ చెయ్యి. ముందు కీబోర్డు మీద ఆ పసుపు, కారం తుడవమను మామయ్యని.