సైజు కన్నా ముందు బరువు అంకె చూడాలి

బురద దారులకు ఒక సైజు పెద్ద ఆల్ టెరైన్ టైరు (తారు రోడ్డు మీదా మట్టి దారిలోనూ నడిచే లోతు గాళ్ల టైరు) వేయించుకుంటే చాలునని ఒక వ్యాసంలో చదివిన సలహాతో నేను ఏకీభవించలేను. భీమవరం చుట్టుపక్కల చెరువుల నుంచి ఐసు పెట్టెల్లో రొయ్యలు తోలే నా పికప్‌కు 245/70 ఆర్ 16 టైర్లు తీసి 265/70 ఆర్ 16 వేయించాను. టైరు ఎత్తు 28 మిల్లీమీటర్లు పెరగడంతో, గట్టు మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా టైరు అంచు మడ్‌గార్డుకు ఒరుసుకునేది, నల్లమట్టి ముద్దలుగా అక్కడే బిగుసుకుపోయేది. స్పీడోమీటరు 80 చూపిస్తే బండి నిజానికి 83లో ఉండేది.

అసలు చూడవలసింది సైజు పక్కనున్న బరువు అంకె. 111 అంటే ఒక్కో టైరు 1090 కిలోలు, 121 అంటే 1450 కిలోలు మోయగలదు. అయితే అది ఆ టైరుకు నిర్దేశించిన పూర్తి గాలి ఉన్నప్పుడే. ఎల్‌టీ (లైట్ ట్రక్, అంటే చిన్న సరుకు బండ్ల టైరు) గుర్తున్న టైరులో మామూలు కారు టైరుకు పెట్టేంత గాలే పెడితే అది అంత బరువు మోయలేదు, పైగా పక్కగోడలు వేడెక్కుతాయి. అందుచేత నిండు లోడుతో వెనుక చక్రాలను మాత్రమే కాటా మీద నిలిపి తూకం వేయించి, ఒక్కో చక్రానికి వచ్చే సగం బరువుకు మించిన సామర్థ్యమున్న టైరునే, కొంత వెసులుబాటు ఉంచుకుని, ఎంచుకోవాలని తోటి రైతులను కోరుతున్నాను. టైరు బలపడినంత మాత్రాన ఇరుసు మోయగల బరువు పెరగదు.