పాము ఆట రాయిస్తే బేసిక్స్ పాడవుతాయా?

ఇంజనీరింగ్ సీట్ల హడావిడి మొదలైతే చాలు, మా విశాఖ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరుగుతుంది. "ల్యాబుల్లో గేములు రాయించే కాలేజీలో సీఎస్ఈ చేర్చకండి. ఆటలతో బేసిక్స్ రావు, అమ్మాయిలకు ఆసక్తి ఉండదు, ఇంటర్వ్యూలో పనికిరాదు, చివరికి అందరూ ప్రాజెక్టులు కొనుక్కొస్తారు" అని. నేను ఇక్కడే డేటా స్ట్రక్చర్స్ (కంప్యూటర్లో సమాచారాన్ని అమర్చుకునే పద్ధతులు) ల్యాబ్ చెప్తాను కాబట్టి ఒక్కో మాటకీ జవాబు చెప్పాలనిపించింది.

బేసిక్స్ రావట. సెల్‌ఫోన్లో ఆడిన పాము ఆటే తీసుకోండి. పాము కదలాలంటే ఒంట్లో ప్రతి ముక్కా తన ముందున్న ముక్క చోటికి రావాలి. చాలామంది లూప్‌ని (ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే కోడ్) తల దగ్గర మొదలుపెట్టి తోక వైపు నడుపుతారు. రెండో ముక్క తల చోటికొస్తుంది, మూడోది అప్పటికే మారిపోయిన రెండోదాన్ని కాపీ చేస్తుంది, అలా ఒక్క అడుగులో తల వెనక పామంతా ఒకే గడిలోకి కుంచించుకుపోతుంది. ఇదే తప్పు అర్రేలో, అంటే వరుస గళ్ళలో, అంకెలు జరిపే ప్రోగ్రాంలో చేస్తే "అవుట్‌పుట్ రాలేదు మేడమ్" అంటారు, లేదంటే పక్కవాళ్ళ రికార్డు చూసి ఎక్కించేస్తారు. పాము దగ్గర మాత్రం నన్ను పిలవరు, కాగితం తీసి గళ్ళు గీసుకుంటారు, ఎందుకంటే తప్పు కళ్ళెదురుగా కనబడుతోంది. కాసేపటికి ఎవరో ఒకరు అడుగుతారు: అసలు అన్ని ముక్కలూ ఎందుకు జరపడం, తల వైపు ఒకటి కలిపి తోక వైపు ఒకటి తీసేస్తే చాలదా? అదే క్యూ, ఒక చివర చేరి రెండో చివర బయటికెళ్ళే వరుస! బోర్డు మీద నేను నిర్వచనం రాయకముందే వాళ్ళ చేతికొచ్చింది.

గ్రాఫులకి, అంటే చోట్లూ వాటిని కలిపే గీతలూ నేర్పడానికి, పులి-మేక ఇస్తాను. 3 పులులు, 15 మేకలు, 23 చోట్లు ఉన్న పటం. ఏ చోటి నుంచి ఏ చోటికి గీత ఉందో రాసుకుంటే పనైపోయిందనుకుంటారు. కానీ పులి మేక మీంచి దూకాలంటే ఆ మూడు చోట్లూ ఒకే వరుసలో ఉండాలి కదా, ఆ సంగతి పక్కచోట్ల జాబితాలో ఉండదు, విడిగా దాచుకోవాలి. ఏ సమాచారం దాచాలో ఆలోచించడమే డేటా స్ట్రక్చర్స్ అంటే, అంతకన్నా బేసిక్ ఏముంది?

ఈ రంగంలో పెద్దవాళ్ళెవరూ ఆటల్ని చిన్నచూపు చూడలేదు. కంప్యూటర్‌తో చదరంగం ఆడించడం గురించి, సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన క్లాడ్ షానన్ 1950లోనే పేపర్ రాశారు. 1969లో కెన్ థాంప్సన్ తన స్పేస్ ట్రావెల్ ఆటను పీడీపీ-7 మెషీన్ మీదికి మార్చే పనిలో పడ్డారు, యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఆ మెషీన్ మీదే మొదలైంది.

ఆటలతో బేసిక్స్ రావన్న మాట ఒక్కచోట మాత్రం నిజం. పాత బిట్ పేపర్‌కే పాయింట్లూ బ్యాడ్జీలూ తగిలించి గేమ్ అంటే నేనూ ఒప్పుకోను. ఆట ఆడటం వేరు, రాయడం వేరు.

అమ్మాయిలకు ఆసక్తి ఉండదన్న మాట నాకు నిజంగా బాధనిపించింది. ఎప్పుడూ కార్ రేసులూ తుపాకులే ఇస్తే అబ్బాయిల్లోనూ చాలామందికి విసుగే. అందుకే ఆట వద్దన్నవాళ్ళకి మన సిటీ బస్సులు ఇస్తాను: గాజువాక నుంచి మద్దిలపాలెం ఉదయం తొమ్మిదింటికి ఏ దారిలో వెళ్తే త్వరగా చేరతాం? రోజూ ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఇరుక్కునే పిల్లలకి గీతల మీద బరువులు (ఒక్కో దారికి పట్టే సమయం) అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. కంప్యూటర్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా కూడా దగ్గర దారి వెతికే తన అల్గారిథమ్‌ని (లెక్క చేసే పద్ధతిని) 1956లో ఇలాంటి పనికే ఆలోచించారు, కొత్త కంప్యూటర్‌ని మామూలు జనానికి చూపించడానికి, నెదర్లాండ్స్ ఊళ్ళ మధ్య దగ్గర దారి వెతికే లెక్కగా.

ఇంటర్వ్యూలో పాము ఆట అడగరు, నిజమే. కానీ "మీ ప్రాజెక్ట్ గురించి చెప్పండి" అని అడుగుతారు, అర్రే వదిలేసి క్యూ ఎందుకు వాడావంటే తను రాసినవాళ్ళకి చెప్పడానికి బోలెడుంటుంది.

ఇక కొనుక్కొచ్చే సంగతి. కొనేవాళ్ళున్నారు, లేరనను. కానీ అది మనం వైవా ఎలా చేస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. నేను రిపోర్టు పక్కన పెట్టి ఒక్క రూల్ మార్చమంటాను: పాము కుడి గోడలోకి దూరి ఎడమ గోడలోంచి రావాలి, ఇప్పుడే, నా ముందే. తను రాసినవాళ్ళు కాసేపట్లోనే ఒక మాడ్యులో (భాగిస్తే మిగిలే శేషం ఇచ్చే లెక్క) పెట్టి చూపిస్తారు. కొనుక్కొచ్చినవాళ్ళకి ఏ ఫైల్ తెరవాలో తెలియదు. వాళ్ళకి మార్కులు వేయను, ఇంకో వారం టైమిచ్చి కూర్చోబెట్టి మొదటి నుంచి రాయిస్తాను.