మంచు బాకీ

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్ మనందరికీ మంచు బాకీ పడింది. ఎప్పుడు అప్పు తీసుకుందో, ఏ వడ్డీకో తెలీదు గానీ, కొండ కింద టంగ్‌మార్గ్‌లో బండి దిగే ప్రతి యాత్రికుడి మొహంలోనూ వసూలుకొచ్చినవాడి ధీమా కనిపిస్తుంది. మొదటి ప్రశ్న: “స్నో ఉందా?” రెండో ప్రశ్న: “ఎందుకు లేదు?”

చలికాలం వచ్చినవాళ్లకి మంచు దొరుకుతుంది. కాబట్టి వాళ్ల ఫిర్యాదంతా చలి మీద. కుళాయిలో నీళ్లు గడ్డకట్టాయట. చక్రాలకు గొలుసులు కట్టందే బండిని పైకి వదలరట. 2,650 మీటర్ల ఎత్తున మంచు కావాలి, చలి మాత్రం ఉండకూడదు. న్యాయమైన కోరికే. స్కీయింగ్‌కి వచ్చేవాళ్ల జాతి వేరు. పొద్దున్నే గండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, ఎక్కి అఫర్వాత్ శిఖరం మీదికి పోతారు, చీకటి పడేవేళకి గానీ కనబడరు. వాళ్లతో మనకి గొడవ లేదు.

అసలు వైభవం మే నెలలో చూడాలి. ఎటు చూసినా పచ్చిక, అడవి పూలు, గొర్రెల మందలు. ఈ అల్పవిషయాల వైపు కన్నెత్తి చూడకుండా మనవాళ్లు నేరుగా అద్దె కోట్ల దుకాణంలోకి నడుస్తారు. మోకాళ్లు దాటే బొచ్చుకోటు, అంతకుముందు ఎందరి కాళ్లో దూరిన రబ్బరు బూట్లు. ఎండ చుర్రుమంటుంటే, చెమటలు కక్కుతూ, ధ్రువయాత్రకి బయల్దేరినట్టు కుటుంబం కుటుంబమంతా గండోలా మొదటి మజిలీ కొంగ్‌డూరిలో దిగుతుంది. అక్కడ ఒక బండ నీడన, కరగడం మర్చిపోయిన మంచు ముక్క ఒకటి ఉంటుంది. చాపంత. బురద, గుర్రాల అడుగులు, బిస్కెట్ కాగితాలు కలిసి నల్లబడి ఉంటుంది. దాని ముందు క్యూ!

వంతు రాగానే బావగారు దాని మీద వెల్లకిలా పడుకుంటారు. పిల్లాడు గుప్పెడు తీసి ఆయన మొహం మీద కొడతాడు. సగం మంచు, సగం గులకరాళ్లు. “నవ్వండన్నయ్యా, నవ్వండి!” అని చెల్లెలు. “ఫొటోలో నల్లగా పడుతోందండీ” అని ఇల్లాలు. బావమరిది బూటుతో పైపొర గీకి తెలుపు కోసం తవ్వుతాడు. తెలుపు బదులు గడ్డి తేలుతుంది. వెనక క్యూలోవాళ్లు ఘొల్లుమంటారు: “మాకు కూడా ఉంచండి సార్!” గీకిన చోట మళ్లీ కాస్త మంచు పూడ్చి, ఫిల్టర్ వేసి, ఫోటో ఊళ్లోవాళ్లకి పంపిస్తారు: ‘మే నెలలో స్నో!!!’ ఈ మంచు ముక్కకి జాతీయ హోదా ఇచ్చి, చుట్టూ కంచె వేయించాలని ప్రభుత్వానికి నా విన్నపం.

శీతాకాలంలో ఇదే బావగారు చెక్కబండి ఎక్కుతారు. వాలు మీద జారే బండి కదా, ఆయన కోరికేమో ఎత్తు మీదికి వెళ్లాలని. తాడు భుజానికేసుకుని లాగేది తండ్రి వయసు మనిషి. వెనక నెట్టేది ఆయన కొడుకు. ఎక్కే ముందు రేటు సగానికి సగం తెగ్గొట్టి, దారిలో ఇంటికి వీడియో కాల్ చేసి, దిగాక “మధ్యలో రెండుసార్లు ఆగావుగా, అంత ఇవ్వను” అంటాడీయన.

2024 జనవరిలో నెలాఖరు దాకా గుల్‌మార్గ్‌లో సరిగా మంచు పడలేదు. డిసెంబర్ 21న మొదలయ్యే చిల్లాయ్ కలాన్, నలభై రోజుల నడిచలి, నేల ఎండుగడ్డి రంగులో ఉండగానే దాదాపు అంతా గడిచిపోయింది. మరుసటేడు ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో గుల్‌మార్గ్‌లో జరగాల్సిన పోటీలు మంచు చాలక వాయిదా పడ్డాయి. మధ్యధరా సముద్రం వైపు నుంచి వానని, మంచుని మోసుకొచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు బలంగా రాకపోతే ఈ కొండకి వేరే దిక్కు లేదు. ఆ మంచు కరిగితేనే వేసవిలో ఊటలు పారేది, ఆపిల్ తోటలకి నీళ్లు అందేది.

మనవాళ్లకి కావలసింది రిఫండ్!

ఎవర్నయ్యా అడుగుతున్నావు రిఫండ్? నీ సెలవులు పాడయ్యాయి, అంతే. వచ్చే ఏడు ఇంకో కొండ చూసుకుంటావు. తాడు చేతిలో పట్టుకుని ఎండిన గడ్డి మీద నిలబడ్డ ఆ పెద్దాయనకి ఏడాది పొడుగునా తిండి పెట్టాల్సిన నెలలు పోయాయి. సిగ్గు లేకుండా ఆయన్నే ఆపి “ముందే చెప్పాలి కదా స్నో లేదని” అని గదమాయిస్తావా? ఆయన తిరిగి ఒక్క మాటా అనడు. ఫిబ్రవరిలో పడొచ్చు సాబ్, అప్పుడు రండి అంటాడు. దానికి మన బావగారి జవాబు: “అప్పుడైనా రేటు తగ్గిస్తావా?”