బరి గీసి ఉన్నంత వరకే ఆట

2025 సెప్టెంబరులో ‘డెమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్’ తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చినప్పుడు మా బాబాయి కొడుకును తీసుకుని వెళ్లాను. ఇంటర్వెల్‌లో వాడు అడిగాడు: “అన్నా, నువ్వెప్పుడూ చెప్పే ఆ పాత సిరీస్‌లు ఇప్పుడు చూస్తే బోర్ కొట్టవా?”

కొన్ని కొడతాయనే చెప్పాను. కానీ ఆ మాట అన్నాక రెండు రోజులు నా మనసు కుదుటపడలేదు. స్కూలు నుంచి రాగానే బ్యాగ్ విసిరేసి కార్టూన్ నెట్‌వర్క్ ముందు కూర్చున్న తరం మాది. చిన్నప్పటి ఇష్టం కాబట్టే అవి గొప్పగా అనిపిస్తున్నాయా, లేక వాటిలో నిజంగానే ఇప్పుడు తగ్గిపోయిన సంగతి ఏదైనా ఉందా అని పాత సంపుటాలు మళ్లీ తిరగేశాను. ఉంది. దాన్ని నేను ‘బరి’ అంటాను. కబడ్డీ ఆడిన ఎవరికైనా గీత విలువ తెలుసు. ఎంత బలమున్నవాడైనా కాలి వేలు గీత దాటితే అవుటే. పాత యాక్షన్ మాంగాల్లో, అంటే జపాన్ కామిక్స్‌లో, మంచి ఫైట్లన్నీ అలాంటి గీత ఒకటి గీసుకుని మొదలవుతాయి. ఆ గీత చెరిగిపోయిన చోట అవే సిరీస్‌లు నీరసపడ్డాయి.

డ్రాగన్ బాల్‌నే తీసుకుందాం. అకీరా తొరియామా దాన్ని 1984 చివర్లో షోనెన్ జంప్ వారపత్రికలో మొదలుపెట్టి 1995లో ముగించారు. మొత్తం 519 అధ్యాయాలు, 42 సంపుటాలు. మన దగ్గర చాలామందికి టీవీలో వచ్చిన రెండో భాగం ‘డ్రాగన్ బాల్ జెడ్’తోనే పరిచయం కాబట్టి మొదటి 16 సంపుటాలను పిల్లల కామెడీగా పక్కన పెట్టేస్తారు. ఆ సిరీస్‌లో ఉత్తమ భాగం అదే అని నా గట్టి అభిప్రాయం. ఆ భాగంలో కథానాయకుడు గోకు మూడు యుద్ధకళల టోర్నమెంట్లు ఆడతాడు. మొదటి రెండు ఫైనల్స్‌లోనూ ఓడిపోతాడు.

ఎలా ఓడిపోతాడన్నదే ముఖ్యం. మొదటిసారి గురువు రోషి, శిష్యులకు గర్వం తలకెక్కకూడదని జాకీ చున్ అనే మారుపేరుతో బరిలోకి దిగుతాడు. చివర్లో ఇద్దరూ ఒకేసారి గాల్లోకి ఎగిరి తంతారు, ఇద్దరూ పడిపోతారు. గురువే ముందు లేస్తాడు. కారణం ఏ రహస్య శక్తీ కాదు, పిల్లవాడి కాలి కన్నా పెద్దాయన కాలు పొడవు. రెండోసారి ప్రత్యర్థి టెన్షిన్‌హాన్. అతను బరిని మొత్తం పేల్చేశాక ఇద్దరూ ఆకాశం నుంచి కిందికి పడుతుంటారు. ఎవరు ముందు నేలను తాకితే వాళ్లు ఓడినట్టు. గోకు కింద వెళ్తున్న ఓ వాహనానికి తగిలి, వెంట్రుకవాసిలో ముందు నేల తాకుతాడు. ఇంత పెద్ద హీరో ఒకసారి కాలి పొడవుకు, ఇంకోసారి దారిన పోయే బండికి ఓడిపోతాడు. మూడోసారి పికొలో మీద గెలిచేటప్పుడు అంత ఊపిరి బిగబట్టి ఎందుకు చదువుతామంటే, అప్పటికే ఓటమి ఎంత దగ్గరలో ఉంటుందో మనకు రెండుసార్లు అనుభవమైంది. రెండు చేతులూ రెండు కాళ్లూ పనికిరాకుండా పోయిన స్థితిలో తలతో ఢీకొట్టి గెలుస్తాడు. అక్కడ ఎలివేషన్ ఊరికే రాలేదు, పాఠకుడు మొదటి నుంచీ ఆ కుర్రాడి దెబ్బలన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చాడు.

తొరియామా బొమ్మల్లో ఇంకో గుణం ఉంది. ఏ బొమ్మలో ఎవరు ఎటువైపు ఉన్నారో, దెబ్బ ఎటు నుంచి ఎటు వెళ్లిందో ఒక్క క్షణం కూడా తికమక పడం. మాట లేకుండా నాలుగు పేజీలు నడిచినా కన్ను తడబడదు. దీని వెనక ఆయన సోమరితనం కూడా ఉందని ఆయనే చెప్పుకున్నారు. వెనక దృశ్యాలు గీయడం కష్టమని ఫైట్లను బంజరు భూముల్లోకి మార్చేవారు. గోకు ‘సూపర్ సయాన్’ అనే బలమైన రూపంలోకి మారినప్పుడు జుట్టు బంగారు రంగులోకి మారడానికి ఒక కారణం, కాగితం మీద దాన్ని తెల్లగా వదిలేస్తే నల్ల సిరా పూసే పని తప్పుతుందని. వారానికో అధ్యాయం ఇవ్వాల్సిన మనిషి సమయం మిగుల్చుకోవడానికి వేసిన ఎత్తు, ప్రపంచమంతా గుర్తుపట్టే రూపమైంది. నాకు ఇది ఆయన మీద గౌరవాన్ని పెంచింది. అక్కర్లేని గీత ఒక్కటీ గీయని చేయి అది.

మరి బరి గీత ఎక్కడ చెరిగింది? చాలామంది అభిమానులు పవర్ లెవెల్స్ మీద, అంటే ఒక్కొక్కరి బలాన్ని చెప్పే అంకెల మీద, నెపం వేస్తారు. నేను ఒప్పుకోను. ఆ అంకెలను తొరియామా తెచ్చిందే అవి నమ్మదగ్గవి కావని చూపించడానికి. తుపాకీ పట్టుకున్న రైతును కొలిస్తే బలం కొలిచే పరికరం స్కౌటర్‌లో 5 వస్తుంది. విలన్ ఫ్రీజా తన బలం 5,30,000 అంటాడు. కానీ భూమ్మీది వీరులు తమ శక్తిని దాచుకోగలరు కాబట్టి స్కౌటర్ నమ్ముకున్నవాళ్లంతా దెబ్బతింటారు. ఫ్రీజా భూమికి వచ్చినప్పుడు అతని సైనికుడొకడు ట్రంక్స్ అనే యువ వీరుణ్ని కొలిచి, మళ్లీ అదే 5 చూసి నవ్వుతాడు. కాసేపటికి ఆ సైన్యంలో ఎవడూ మిగలడు. ఆ తర్వాత తొరియామా అంకెలను దాదాపు వదిలేశారు. వాటిని పట్టుకుని ఈరోజుకీ ఎవరు బలవంతుడని వాదించుకునే అభిమానులు ఆ సైనికుడు చేసిన పొరపాటే చేస్తున్నారు.

గీత నిజంగా చెరిగిన చోటు విలన్ సెల్ ఘట్టం. సెల్ పాత టోర్నమెంట్‌లాగే తన చేతులతో బరి కడతాడు. గోకుతో ఫైట్ మధ్యలో, బరి దాటి ఓడిపోవడం తనకు నచ్చదని దాన్ని తానే పేల్చేస్తాడు. ఇన్నాళ్లూ కథను పట్టి ఉంచిన హద్దును కథే తుడిచేసిన క్షణం అది. గోకు కొడుకు గోహాన్ కోపం కట్టలు తెంచుకునే సన్నివేశం నాకు ప్రాణం, కాదనను. కానీ అక్కడి నుంచి చివరి విలన్ బూ వరకు గెలుపోటములు ఎవరు కొత్త రూపంలోకి మారారన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడ్డాయి.

టీవీలో మాత్రమే చూసినవాళ్లు డ్రాగన్ బాల్ జెడ్ సాగదీతను తిడితే నేను అడ్డు చెప్పను. మాంగా వారానికో అధ్యాయం, యానిమే (దాని టీవీ యానిమేషన్ రూపం) వారానికో ఎపిసోడ్. ఎపిసోడ్ త్వరగా పేజీలను తినేస్తుంది, ముందు కథ ఇంకా గీయలేదు, ప్రసారం ఆగకూడదు. నమెక్ గ్రహం ఐదు నిమిషాల్లో పేలిపోతుందని ఫ్రీజా చెప్పాక, అది పేలడానికి దాదాపు 10 ఎపిసోడ్‌లు పట్టింది. 2009లో తోయే యానిమేషన్ అదే సిరీస్‌ను ‘కాయ్’ పేరుతో కత్తిరించి ప్రసారం చేసినప్పుడు, సెల్ ఘట్టం వరకు 194 ఎపిసోడ్‌ల కథ 97లో అయిపోయింది. సరిగ్గా సగం. కాబట్టి కొత్తవాళ్లకు నా సలహా మాంగా చదవమనే. కుదరకపోతే కాయ్.

అలాగని యానిమే ఎప్పుడూ మాంగా కన్నా తక్కువేం కాదు. ‘అషితా నో జో’ దగ్గర నాకు ఆ మాట అనడానికి నోరు రాదు.

బాక్సింగ్ బరి మీద నడిచే ఈ కథను ఇక్కీ కజివారా మరో కలం పేరుతో రాస్తే, తెత్సుయా చిబా గీశారు. 1968 నుంచి 1973 వరకు షోనెన్ మ్యాగజైన్‌లో వచ్చింది. కథానాయకుడు జో. ఎదుటి వీరుడు రికిషి. వీళ్లిద్దరూ రింగ్‌లో తలపడతారని తెలియక చిబా మొదట్లో రికిషిని జో కంటే బాగా పొడుగ్గా, భారీగా గీసేశారు. తీరా చూస్తే బాక్సింగ్‌లో బరువును బట్టి విభాగాలు ఉంటాయి, వీళ్లిద్దరూ ఎదురుపడే అవకాశమే లేదు. బొమ్మలో జరిగిన ఆ పొరపాటును దిద్దడానికి పుట్టిందే ఆ కథలో అన్నిటికన్నా బాధపెట్టే భాగం. జోతో పోరాడాలన్న ఒకే పట్టుదలతో రికిషి తన బరువును తెగ్గోసుకుంటూ పోతాడు. తిండి మానేస్తాడు, నీళ్లు మానేస్తాడు. దాహంతో కొళాయిల దగ్గరకు వెళ్తే అవన్నీ తీగతో కట్టేసి ఉంటాయి. అతని జిమ్ యజమాని మనవరాలు యోకో జాలిపడి గ్లాసుడు గోరువెచ్చని నీళ్లు తెచ్చిస్తే, ఆమెకు కృతజ్ఞత చెప్పి వాటిని నేల మీద పారబోస్తాడు. నేను చదివిన యాక్షన్ మాంగాలన్నిటిలో నన్ను ఎక్కువగా కదిలించిన దెబ్బ ఆ గ్లాసు నీళ్లు. అందులో ఎవరూ ఎవరినీ కొట్టలేదు.

ఫైట్‌లో రికిషి గెలుస్తాడు, గెలిచి చనిపోతాడు. 1970 మార్చి 24న నాటక దర్శకుడు, కవి షుజీ తెరయామా చొరవతో ప్రచురణ సంస్థ కోదన్షా భవనంలో రికిషికి అంత్యక్రియల కార్యక్రమం జరిపారు. దాదాపు 700 మంది వచ్చారు, ఒక బొమ్మ కోసం. విన్నప్పుడు వింతగా ఉంటుంది, చదివినవాళ్లకు ఉండదు. ఆ తర్వాత జో ఎదుటివాడి ముఖం మీద కొట్టలేకపోతాడు. కొడితే వాంతి వస్తుంది. చావు తర్వాతి ఎపిసోడ్‌లో హీరో కోలుకుని కొత్త టెక్నిక్‌తో తిరిగొచ్చే రకం కథ కాదిది, ఆ ఒక్క గుద్దు బరువు ఏళ్లకొద్దీ అతని చేతిలోనే ఉండిపోతుంది.

ఈ కథను టీవీకి తెచ్చిన ఒసాము దెజాకికి 1970లో 26 ఏళ్లు. పదేళ్ల తర్వాత రెండో సిరీస్ కూడా ఆయనే చేశారు. కదులుతున్న దృశ్యం హఠాత్తుగా ఆగి, రంగులు పులిమిన చిత్రంలా మారిపోయే ఆయన పద్ధతిని ఆ తర్వాత జపాన్ యానిమేషన్‌లో ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు. డబ్బూ సమయమూ తక్కువున్న టీవీ పనిలో కదలిక ఎక్కడ ఆపాలో ఆయనకు తెలుసు. ఈనాటి సినిమాల్లో ఒక్కో ఫ్రేమ్‌లో కనిపించే శ్రమను చూసి నేను నిజంగానే అబ్బురపడతాను. కానీ ఆ రెండో సిరీస్ చివరి బౌట్‌లో బొమ్మ ఆగిపోయినప్పుడు నా ఊపిరి ఆగినట్టు మరెక్కడా ఆగలేదు.

యోషిహిరో తొగాషి ‘యూ యూ హకుషో’ (1990-94) గురించి చెప్పకపోతే నాకు తోచదు. అందులో డార్క్ టోర్నమెంట్, డ్రాగన్ బాల్ పాఠాన్ని చదివిన శిష్యుడు రాసిన జవాబు పత్రం. హీరో జట్టులోని కురామా తన ప్రత్యర్థి కరసును చంపుతాడు, అయినా ఓడిపోతాడు. పది అంకెలు లెక్కపెట్టే లోపు లేవలేదు మరి. గెలిచి చచ్చినవాడు, ఓడి బతికినవాడు. నిబంధనను ఇంత నిక్కచ్చిగా పట్టుకుంటేనే ఆ చేదు వస్తుంది. విలన్ చిన్న తొగురోకైతే ఓడి చనిపోయాక తక్కువ శిక్ష పడుతుంది. అతను అది వద్దని అన్నిటికన్నా ఘోరమైన నరకాన్ని కోరి నడిచి వెళ్తాడు. ఇలాంటి ప్రతినాయకుడు ఈ కథ వచ్చిన షోనెన్ జంప్‌లో అంతకుముందు లేడు.

చివర్లో తొగాషి అలసిపోయారు. రాక్షస లోకపు టోర్నమెంట్‌ను పెద్దగా చూపించకుండా ఫలితం మాటల్లో చెప్పేసి, తానే సిరీస్‌ను ఆపేశారు. అప్పటికి షోనెన్ జంప్ ఎంత ఎత్తున ఉందంటే, 1994 చివర్లో ఒక్క సంచిక 65 లక్షల 30 వేల కాపీలు అచ్చయింది. పాఠకులు పంపే పోస్టుకార్డుల ఓట్లను బట్టి ఏ కథ ఉండాలో ఏది పోవాలో తేల్చే యంత్రం అది. ఆ స్థాయిలో ఉండగా చాలంటూ లేచిపోవడానికి ధైర్యం కావాలి. ఆ తొందరపాటు ముగింపును నేను తప్పుపట్టను. యానిమే వాళ్లు మిగిలిన ఖాళీలు ఓపిగ్గా పూరించి, సముద్రం ఒడ్డున ఇచ్చిన ముగింపు మాంగా కన్నా నిండుగా ఉంది.

మిగతా పాత సిరీస్‌ల్లో ‘హొకుతో నో కెన్’ ప్రతినాయకుడు రావో చనిపోయే దగ్గర ఆగిపోవాల్సింది. ఆ తర్వాతి సంపుటాలు నేను రెండోసారి తెరవలేదు. ‘సెయింట్ సేయా’ మాంగా కంటే యానిమేనే చూడమంటాను. షింగో అరాకి, మిచి హిమెనో గీసిన ముఖాలు, సేజీ యొకొయామా సంగీతం లేకుండా ఆ కథ నాకు సగమే.

ఈ పాత కథలన్నిటిలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. బరి అంత న్యాయంగా గీసిన వీళ్లు ఆడపాత్రలను దాని బయటే కూర్చోబెట్టారు. డ్రాగన్ బాల్‌లో చీచీ పేరు చెప్పకుండా టోర్నమెంట్‌కు వచ్చి గోకుతో తలపడుతుంది. అతనితో పెళ్లయ్యాక ఆమె దాదాపు వంటింటికే పరిమితం. ‘సెయింట్ సేయా’లో యోధురాళ్లు ముఖానికి ముసుగు వేసుకోవాలి. ఆ కాలం అలాంటిదని సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అదే కాలంలో అదే జపాన్‌లో మహిళా రచయితలు బలమైన ఆడపాత్రలను గీస్తూనే ఉన్నారు. ఈ విషయంలో ఇప్పటి సిరీస్‌లు ముందున్నాయి.

ఇంతకీ మా తమ్ముడికి డ్రాగన్ బాల్ మొదటి ఐదు సంపుటాలు ఇచ్చాను. పది రోజుల తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు.

“అన్నా, వీడు ఓడిపోయాడేంటి?”

“కాలు పొట్టి కదరా.”

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆరో సంపుటం రేపు పొద్దున్నే వచ్చి తీసుకోవచ్చా అని అడిగాడు.