పేదింటి పిల్లల గుండె దిటవు

పరీక్షల ఫలితాలు వచ్చిన ప్రతిసారీ పెద్దలు పిల్లలకు ఒకే హితవు చెబుతారు: గుండె దిటవు చేసుకోండి, చిన్నదానికే బెంబేలు పడకండి. ఆ దిటవు ఎక్కడి నుంచి రావాలో ఆలోచించేవారు తక్కువ. కష్టాల్లో పెరిగిన పిల్లలు వాటంతటవే రాటుదేలతారన్న నమ్మకం మన ఇళ్లలో పాతుకుపోయింది. పైకొచ్చినవారి కథలే వింటున్నాం కనుక అలా అనిపిస్తోంది. కుంగిపోయినవారి కథ చెప్పేదెవరు?

అమెరికాలోని నార్త్ కరోలినా కొండప్రాంతంలో 1993 నుంచి 1,420 మంది పిల్లల మనసు తీరును పరిశోధకులు ఏళ్ల తరబడి గమనించారు. వారిలో దాదాపు నాలుగో వంతు ఆదివాసీలు. అధ్యయనం నడుస్తుండగానే అక్కడి చెరోకీ ఆదివాసీ తెగ భూముల్లో కాసినో (జూదశాల) తెరుచుకుంది. లాభాల్లో వాటా తెగలో ప్రతి ఒక్కరికీ అందింది. దాంతో పేదరికం నుంచి గట్టెక్కిన ఆదివాసీ ఇళ్ల పిల్లల్లో మొండితనం, దుడుకుతనం తగ్గి, ఎన్నడూ లేమి ఎరుగని పిల్లలతో సమానమయ్యాయి. దిగులు, ఆందోళన మాత్రం అంతగా తగ్గలేదు. ఈ మార్పుకు పరిశోధకులు చూపిన ప్రధాన కారణం మమ్మల్ని ఆలోచింపజేసింది: తల్లిదండ్రులకు బిడ్డలను కనిపెట్టుకుని ఉండే తీరిక చిక్కడం.

పాలమూరు నుంచి వలసపోయే కూలీలకు లేనిదే ఆ తీరిక. బిడ్డ అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉంటుంది. అమ్మ ఫోన్లో రెండు నిమిషాలు దొరుకుతుంది. పరీక్ష తప్పితే ఆ పిల్ల పనిలోకి పోవాల్సిందే. కలిగినింటి పిల్లకైతే ట్యూషన్ ఉంటుంది, మరో ఏడాది చదివించే స్తోమత ఉంటుంది. ఇద్దరికీ ఒకే ధైర్యవచనం చెప్పడం అన్యాయం.

హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన పిల్లలను దశాబ్దాల పాటు గమనించిన అధ్యయనమూ ఉంది. పేదరికం, ఇంటి కలతల మధ్య పెరిగినవారిలో సుమారు మూడో వంతు నిబ్బరంగా ఎదిగారు. వారికి అవ్వో, తాతో, టీచరో, ఎవరో ఒకరు అండగా నిలిచారు. మిగతా రెండు వంతుల మందినీ మరవకూడదు.

మనసు బాగోలేనివారు ఫోన్ చేసి మాట్లాడేందుకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్ టెలీ మానస్ (14416) మంచి ఏర్పాటే. కానీ చేతిలో ఫోను లేని హాస్టల్ పిల్లకు అది అందదు. వందల మందిని ఒక్క వార్డెన్‌కు అప్పగించి చేతులు దులుపుకోవడం ప్రభుత్వాలు మానాలి. ప్రతి గురుకులంలో, సంక్షేమ హాస్టల్లో పిల్లల గోడు వినడమే పనిగా ఉండే శిక్షణ పొందిన మనిషిని పర్మనెంటు ఉద్యోగంలో నియమించాలి. వలసల కాలం మొదలవకముందే ఊళ్లో కూలి పని చూపాలి, చేసిన పనికి డబ్బులు ఆ వారమే చేతికివ్వాలి.