ముందు బీరువా తాళం తీయండి

ఒక జిల్లా కేంద్రంలోని గ్రంథాలయంలో బాలల విభాగాన్ని డిజిటల్‌గా మార్చారంటే మా విలేకరి చూసి రావడానికి వెళ్లారు. నాలుగు కంప్యూటర్లు ఉన్నాయి, నాలుగింటి మీదా ప్లాస్టిక్ కవర్లు కప్పి ఉన్నాయి. గోడకు పెద్ద స్మార్ట్ టీవీ ఉంది, దాని రిమోట్ మాత్రం ఆఫీసు గదిలో సొరుగులో ఉందట. పిల్లల పుస్తకాలన్నీ అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. ఆ అద్దానికి ముక్కు ఆనించి, పుస్తకాల వీపుల మీద పేర్లు కూడబలుక్కుంటూ చదువుతోంది ఎనిమిదేళ్ల పాప ఒకతి. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగితే, ఆ ఉద్యోగి ఇంకో శాఖా గ్రంథాలయానికి కూడా ఇన్‌ఛార్జి అనీ, వారంలో మూడు రోజులు అక్కడే ఉంటారనీ చెప్పారు. ఆ రోజు ఆ పాపకు పుస్తకం దొరకలేదు.

పిల్లల గ్రంథాలయంలోకి టెక్నాలజీ రావద్దని మేము అనడం లేదు, రావాలనే అంటున్నాం. కాకపోతే ఏది రావాలి, ఎందుకు రావాలి అన్నది ముందు తేల్చుకోవాలి. ఇంట్లో ఫోన్ ఉన్న పిల్లాడు రోజంతా దాన్నే చూస్తున్నాడని తల్లిదండ్రులు తల పట్టుకుంటుంటే, గ్రంథాలయానికి రాగానే వాడి చేతిలో ఇంకో ట్యాబ్ పెట్టి మూల కూర్చోబెడితే కొత్తగా వాడికి ఇచ్చిందేమిటి? రెండేళ్లలోపు పిల్లలకు అసలు స్క్రీన్ వద్దనీ, నాలుగేళ్ల వరకు రోజుకు గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఇంట్లో దొరకనిది ఇక్కడ దొరకాలి, అదీ నలుగురితో కలిసి.

ఉదాహరణకు ఒక ప్రొజెక్టర్ చాలు. ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి, డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ప్రింటు కూడా తీసుకోవచ్చు. చాప మీద ఇరవై మంది పిల్లల్ని కూర్చోబెట్టి, గోడ మీద బొమ్మ పెద్దగా పడుతుంటే ఒకరు గొంతెత్తి చదివితే, ఇంకా అక్షరాలు రాని పిల్లాడు కూడా "తర్వాతేమైంది" అని అడుగుతాడు. ఒక మైకు, శబ్దం రాని చిన్న మూల ఉంటే పిల్లలు వాళ్ల అమ్మమ్మల్ని, తాతయ్యల్ని తీసుకొచ్చి వాళ్లు చెప్పే కథలు రికార్డు చేయవచ్చు. ఆ ఊరి మాట, ఆ ఊరి యాస ఏ యాప్‌లోనూ కొనలేం. చూపు లేని పిల్లల సంగతి ఎవరూ ఎత్తడం లేదు గానీ మా దృష్టిలో అందరికన్నా ముందు టెక్నాలజీ అందాల్సింది వాళ్లకే. తెరమీద తెలుగును పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, ఒక కంప్యూటర్‌కి ఒక జత హెడ్‌ఫోన్స్ ఉంటే చాలు.

ఇక గది విషయం. చాలాచోట్ల గ్రంథాలయమంటే ఇప్పుడు పోటీ పరీక్షలకు చదివేవాళ్లతో నిండిపోయిన రీడింగ్ రూమ్. వాళ్ల కష్టం వాళ్లది, ఉద్యోగం రావాలన్న టెన్షన్‌లో ఉన్నవాళ్లకు నిశ్శబ్దం కావాలి. పక్కనే ఒక రేకు అడ్డం పెట్టి అదే బాలల విభాగం అంటే పిల్లలు నవ్వినా తప్పే, పైకి చదివినా తప్పే. పిల్లలకు తలుపున్న వేరే గది కావాలి. కుర్చీలు, అరలు వాళ్ల ఎత్తులో ఉండాలి. ప్లగ్ పాయింట్లు మాత్రం వాళ్ల చేతికి అందకూడదు. కరెంటు పోతే ఆదుకునే ఇన్వర్టర్ అంచనాల్లో మొదటే ఉండాలి. చెన్నైలో 2010లో తెరిచిన అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లల విభాగం మధ్యలో కృత్రిమ చెట్టొకటి పెట్టారు. అంత భవనం మనం కట్టకపోవచ్చు, కానీ ఈ చోటు మీదే అని పిల్లలకు చెప్పడానికి అంత భవనమే అక్కర్లేదు.

1935లో గ్రంథాలయోద్యమ నాయకులు పాతూరి నాగభూషణం గారు పుస్తకాలను పడవలోకి ఎక్కించి గుంటూరు ప్రాంతంలోని పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కాలవ వెంబడి పంపించారు. ఆ రోజుల్లో కాలవ మీద తిరిగేది పడవ కాబట్టి పుస్తకం పడవెక్కింది. తెలుగునాట గ్రంథాలయం కొత్త సాధనానికి ఎన్నడూ భయపడలేదు. ఆ పడవ వెంట మాత్రం పుస్తకం తీసి చేతికిచ్చే మనిషి ఉన్నాడు, మన బాలల విభాగాల్లో కరువైంది ఆ మనిషే. ఖాళీ అయిన లైబ్రేరియన్ పోస్టులు నింపకుండా, ఉన్న ఒక్కరికి రెండు మూడు శాఖలు అప్పగించి, పరికరాలు మాత్రం కొని ఫొటో దిగితే ఆ కవర్లు ఎప్పటికీ తీయరు.

డబ్బు లేదనడానికీ వీల్లేదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు మనమంతా సెస్సు కడుతున్నాం. మున్సిపాలిటీలు, పంచాయతీలు దాన్ని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. చాలాచోట్ల అది బకాయిగా మిగిలిపోతోంది. ప్రతి జిల్లా గ్రంథాలయ సంస్థ తనకు రావాల్సిన సెస్సు ఎంత, వచ్చింది ఎంత, అందులో పిల్లల మీద పెట్టింది ఎంత అన్నది గ్రంథాలయం గుమ్మం దగ్గర బోర్డు మీద రాయాలని మేము అడుగుతున్నాం. టెండరు పిలిచే ముందే పిల్లల విభాగానికి పూర్తికాలం ఒకరిని నియమించి, కథ చదవడం, కంప్యూటర్ నడపడం రెండూ నేర్పించండి. ఏటా రిపేర్లకు కొంత సొమ్ము పక్కన పెట్టండి.

నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలవుతాయి, బాలల దినోత్సవమూ ఆరోజే. వేదికలు, దండలు ఎలాగూ ఉంటాయి. ఆరోజు పొద్దున్నే బీరువాల తాళాలు తీయించండి, మళ్లీ వేయకండి.