గరిక మీద కంపెనీ పేరు

క్రికెట్ మైదానంలో గడ్డి పెంచడం వృథా ఖర్చని నా దృఢమైన అభిప్రాయం. ఇప్పుడు దాని ఉద్యోగం కంపెనీ ప్రకటనల రంగు మోయడమే కదా! ఆ పని సిమెంటు గచ్చు ఇంకా బాగా చేస్తుంది, పైగా నీళ్లడగదు.

ఐపీఎల్ మ్యాచ్ టీవీలో చూస్తే వికెట్ల వెనక ఒక ప్రకటన నిటారుగా నిలబడి ఉంటుంది. అది బోర్డు కాదు, నేల మీద కొట్టిన రంగు. ఒక్క కెమెరా కోణానికి లెక్కగట్టి అక్షరాలను బారుగా సాగదీసి వేస్తారు. గ్యాలరీలో కూర్చున్నవాడికి అక్కడేదో ఒలికిపోయినట్టు ఉంటుంది. ఉండనీండి, వాడు టికెట్ కొన్నది ఆటకు, అక్షరాలకు కాదు.

ఈ రంగులో తెల్లదనానికి టైటానియం డయాక్సైడ్, చిక్కదనానికి సుద్దపొడి, అంటుకోవడానికి అక్రిలిక్ జిగురు ఉంటాయి. ఆకు మీద ఆరిందంటే, గడ్డికి అందాల్సిన వెలుతురును తెలుపు తిప్పికొడుతుంది, నలుపు మింగేస్తుంది. గడ్డికి వెలుతురే అన్నం. కంచానికి మూత బిగించి, మూత మీద కంపెనీ పేరు రాసి, "తినవే తల్లీ" అంటున్నాం.

అయినా అది మొండిది. బెర్ముడా అని గొప్పగా పిలుస్తారు గానీ, మనం వినాయకుడికి పెట్టే గరికే. మొలక నేలకు ఆనుకునే ఉంటుంది కాబట్టి, రంగు కొసలు మిషన్‌తో కోసేస్తే కిందనుంచి పచ్చగా లేస్తుంది. లేచేలోపే ఇంకో మ్యాచ్, ఇంకో కోటింగ్! పొర మీద పొర పడి అట్ట కడితే నీళ్లు కూడా సరిగ్గా దిగవు. ముందు కోసి, మంచు ఆరాక, పలచగా కొట్టాలని గ్రౌండ్‌మన్‌కు తెలుసు. లోగో మెరవాలన్నవాడికి ఆయన మాట వినపడాలిగా.

మన సర్కారు బడులు నయం. ఆటల పోటీలకు సున్నంతో గీతలు గీస్తారు. తాంబూలంలో కాస్త ఎక్కువైతేనే నోరు పొక్కించే ఆ సున్నం, కబడ్డీలో చెక్కుకుపోయిన మోకాళ్లను ఏం చేస్తుందో పిల్లలనడగండి. గడ్డి ఆరోగ్యం గురించి మాత్రం అక్కడ బెంగ లేదు. గడ్డే లేదు.

గడ్డి ఉండి తీరాలంటారా, అయితే ప్రకటనల డబ్బులో దానికి వాటా ఇవ్వాలి. పంపకానికి కమిటీ వేసి, గడ్డి తరఫున ఒక మేకను కూర్చోబెట్టాలి. గడ్డి విషయంలో దానికున్న అనుభవం మిగతా మెంబర్లెవరికీ లేదు. మేక ఒప్పుకుంది కూడా. షరతు ఒక్కటే: మీటింగ్ లోగో పక్కన పెడితే భోజనం బయటినుంచి తెప్పించాలట.